పుట్టుమచ్చలు రాసిన పంతులమ్మ

మా గుడివాడ వీధిలో ముగ్గురి అసలు పేర్లు ఉద్యోగంలో చేరాక కూడా చాన్నాళ్ళు నాకు తెలియవు. ఒకాయన మెల్లకన్ను మావయ్య. ఒకావిడ బొల్లి పిన్ని. ఇంకొకాయనకి వరస కూడా లేదు, ఉత్త కుంటాయన. ఎవరూ కోపంతో అనేవారు కాదు. పాలవాడికి ఇంటి గుర్తు చెప్పాలన్నా, పేరంటం పిలుపులకి వెళ్ళాలన్నా అవే పేర్లు. బొల్లి పిన్ని వస్తే మా నాయనమ్మ ఆవిడ ఎదుటే "బొల్లి పిన్నికి పీట వెయ్యవే" అనేది. నేను వేసేదాన్ని, ఆవిడ కూర్చునేది. కూర్చుంది గనక ఆవిడకేం బాధ లేదని నేను అనుకునేదాన్ని.

తర్వాత నేను చేసిన పనికి నా పెంపకాన్ని అడ్డం పెట్టుకోవాలని ఇదంతా చెప్పటం లేదు. నోటి దురుసు నా సొంతం. "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని మా అమ్మ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట నాకు కితాబులాగే వినబడేది. దాపరికం లేని మనిషినని, ఉన్నమాట అనేదాన్నని కాస్త పొగరు కూడా ఉండేది.

బందరులో ట్రైనింగు పూర్తయ్యాక, అరవైల మొదట్లో, దివిసీమలో ఒక హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. నాగాయలంక బస్సెక్కి మధ్యలో దిగాలి. ఊరి పేరు రాయను. రాస్తే ఆ అమ్మాయి ఎవరో అక్కడివాళ్ళకి ఇప్పటికీ తెలిసిపోతుంది. స్కూలు మొత్తానికి ఆడటీచర్ని నేనొక్కదాన్నే. తెలుగు చెప్పేదాన్ని, ఆడపిల్లలకి కుట్లు నేర్పేదాన్ని, ఎవరికైనా కళ్ళు తిరిగితే సోడా తెప్పించేదాన్ని. ఇవికాక ఏడాదికొకసారి ఇంకో పని పడేది. ఆడపిల్లల పుట్టుమచ్చలు రాయటం.

ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకి వెళ్ళే ప్రతి విద్యార్థికీ అప్పట్లో ఒక పుస్తకం ఉండేది. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, వాటి కింద ఒంటిమీద గుర్తులు రెండు. పరీక్షలో ఒకరి బదులు ఇంకొకరు కూర్చోకుండా హాల్లో ఆ గుర్తులు చూసి పోల్చుకునేవారు. మగపిల్లలవి డ్రిల్లు మాస్టారు రాసేవారు. చొక్కాలు విప్పించి వరసలో నిలబెట్టి పావుగంటలో ముగించేవారు. ఆడపిల్లలవి నేను రాయాలి. చేతులు, మెడ, చెంపలు, చెవులు, అంతకు మించి చూడటానికి వీల్లేదు. మచ్చ దొరకని పిల్లకి చిన్నప్పుడు పడ్డ దెబ్బ తాలూకు గుర్తయినా వెతకాలి. ఇంగ్లీషులో రాయాలి, సిరాతో రాయాలి, కొట్టివేతలు ఉండకూడదు.

ఆ ఏడు పరీక్షకి వెళ్ళే ఆడపిల్లలు అయిదుగురు. ఒక మధ్యాహ్నం వాళ్ళని కుట్టుగదిలో కూర్చోబెట్టాను. గది అంటే పేరుకే గది, వరండా చివర తడికె కట్టిన జాగా. తడికెకి అవతల మగపిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. నేను తెలుగులో పైకి అంటూ ఇంగ్లీషులో రాస్తున్నాను. తప్పు పోకుండా ఉంటుందని నాకు అలా అలవాటు. "ఎడమ మోచేతి మీద నల్లమచ్చ. గడ్డం కింద ఒకటి." పిల్లలు ఒకరి మచ్చలు ఒకరు వెతికిపెడుతూ కిచకిచలాడుతున్నారు. పాఠం లేని గంట కాబట్టి అందరం హుషారుగానే ఉన్నాం.

అయిదో అమ్మాయి ఏటి మధ్య లంకలోంచి పడవ మీద దాటి వచ్చేది. లెక్కల్లోనూ సైన్సులోనూ క్లాసులో మొదటిది. పై పెదవి మధ్యలో చీలి, ఆ చీలిక ముక్కుదాకా ఉండేది. చదివేటప్పుడు పుస్తకం, నవ్వేటప్పుడు ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కొన్ని అక్షరాలు ముక్కులోంచి పలికేవి. అందుకని పాఠం పైకి చదవమని నేను ఆ పిల్లని ఎప్పుడూ లేపేదాన్ని కాదు. అది నా మంచితనం అనుకునేదాన్ని. ఆ రోజు తన వంతు రాగానే ఆ అమ్మాయి చేతులు రెండూ చాపి, మోచేతులు తిప్పి చూపించింది. నేను చేతులకేసి చూడనే లేదు.

"నీకు వెతుక్కోవటం దేనికే, నీది ఎదురుగుండా కనబడుతూనే ఉందిగా," అన్నాను. అని, రాసేశాను. రాస్తూ ఎప్పటిలాగే పైకి అన్నాను, "గ్రహణం మొర్రి." అంతటితో ఆగినా బాగుండేది. కలం ఎత్తకుండానే, "మీ అమ్మ కడుపుతో ఉండగా గ్రహణంలో బయటికొచ్చిందా ఏమిటి?" అని అడిగాను.

ఆ ప్రశ్న నేను కనిపెట్టింది కాదు. మా వైపు అలాంటి పెదవి చూసినవాళ్ళెవరైనా రెండో మాటగా అడిగేది అదే. గ్రహణం ఎలా పడుతుందో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పగలిగినంత చదువు నాకుంది. అయినా ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. తడికె అవతల లెక్కలు ఆగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి "తెలీదండీ" అని చేతులు ఓణీలోకి లాక్కుంది. రెండో గుర్తు కూడా కావాలి కదా అని గుర్తొచ్చి, మళ్ళీ చెయ్యి చూపమన్నాను. చూపించింది. కుడి మోచేతి మీద పాత దెబ్బమచ్చ ఉంది. అది రాసి పుస్తకాలు మూసేశాను.

మర్నాడు ఆ అమ్మాయి స్కూలుకి రాలేదు. పడవ రాలేదేమో అనుకున్నాను. ఆ మర్నాడూ రాలేదు. ఆ లంక నుంచి వచ్చే మగపిల్లలిద్దరూ వస్తూనే ఉన్నారు.

నాలుగో రోజు ఒకావిడ వచ్చింది. నడివయసు, ముతక చీర. చేతులకి చిలకలపూడి గాజులు, మెరుగు పోయి లోపలి రాగి బయటపడ్డవి. ఆ అమ్మాయి తల్లినని చెప్పుకుంది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం అవతలే నిలబడింది.

"పంతులమ్మగారూ, సర్కారు పుస్తకంలో నా సంగతి ఎక్కించారంటగా," అంది.

"మీ సంగతి కాదమ్మా. మీ అమ్మాయి గుర్తు రాశాను."

"దాని గుర్తు కాదండీ అది. నా మీద నింద." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ రోజు పగటిపూట గ్రహణం. దూడ పలుపు తెంపుకుని పోతుంటే పట్టుకుందామని వాకిట్లోకొచ్చాను. ఒక్క నిమిషం. పదహారేళ్ళయిందండీ, ఇంట్లో పాలు విరిగినా మా అత్తగారు ఆ నిమిషమే చెబుద్ది. పిల్లని ఎవరు చూసినా ముందు ఇదేంటమ్మా అంటారు, ఆ వెనకే మీ అమ్మేం చేసిందంటారు. ఊళ్ళో అంటే అన్నారు, పడ్డాను. మీరు సర్కారు పుస్తకంలో రాశారు. పిల్ల చచ్చేదాకా ఆ పుస్తకం దాంతోనే ఉంటదంట కదండీ."

గ్రహణం అన్న మాట పుస్తకంలో లేదని, పెదవి చీలిక అని ఇంగ్లీషులో రాశానని చెప్పాను. ఆవిడకి అది ఎక్కలేదు. ఎక్కదు కూడా. నేను పైకి అన్నది నలుగురు ఆడపిల్లలు విన్నారు, తడికె అవతల ముప్ఫై మంది మగపిల్లలు విన్నారు. వాళ్ళలో ఇద్దరు అదే పడవలో ఇంటికి వెళ్ళారు. పుస్తకంలో ఏముందో ఆ లంకలో ఎవరు చూడొచ్చారు?

"అమ్మాయిని రేపట్నుంచి పంపుతారా?" అని అడిగాను.

"అది తీసేస్తే పంపుతాను. లేదంటే పరీక్షక్కూడా పంపనండీ. ఆ పుస్తకం పట్టుకుని అది ఏ ఊరెళ్ళినా నా తప్పు మోసుకెళ్ళినట్టే కదా."

ఆవిడ బెదిరించటం లేదు. అంత చదివే పిల్లని ఇంట్లో కూర్చోబెట్టటం ఆవిడకీ ఇష్టం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. అది తీసేస్తే ఆ చోట ఇంకో గుర్తు రాయాలి, చూడాలి, అమ్మాయిని తీసుకురండి అన్నాను.

"చూడటమెందుకండీ, నేను చెబుతాను రాసుకోండి," అంది. ఎడమ చెవి వెనక నువ్వుగింజంత మచ్చ. మెడ మీద జుట్టు మొదట్లో ఒకటి. కుడి అరచేతిలో చిటికెనవేలి కింద ఒకటి, అది తడిచేస్తే బాగా కనబడుతుంది. వీపున మూడున్నాయి, అవి మీకు పనికిరావులెండి. వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోతోంది. నీళ్ళు పోసి పెంచిన తల్లికి అన్నీ తెలుసు. మూడేళ్ళుగా ఆ పిల్లకి పాఠం చెబుతున్న నాకు వీటిలో ఒక్కటీ తెలియదు. నేను చూసినప్పుడల్లా ఒకే చోట చూశాను.

హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు నడిచే మనిషి.

"అబద్ధం రాశారా?" అని అడిగారు.

"లేదండీ. ఉన్నదే రాశాను."

"ఉన్నది రాసి కొట్టెయ్యటమేమిటమ్మా? కారణం ఏమని రాస్తారు?"

తల్లి చెప్పినదంతా చెప్పాను. నేను అడిగిన ప్రశ్న కూడా దాచకుండా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "మీరు తప్పు చేసింది నోటితో. దిద్దుతానంటున్నది పుస్తకంలో," అన్నారు చివరికి. "రేపు హాల్లో ఎవరో ఒకరు పుస్తకం చూస్తారు, పిల్లని చూస్తారు. ఎదురుగా కనబడేది కొట్టేసి ఉందేమిటంటే ఆ పిల్ల ఏం చెప్పుకుంటుంది?"

నాకు కోపం వచ్చింది. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది గనకే వచ్చింది. "పిల్ల స్కూలే మానేస్తే హాలుదాకా వెళ్ళేదెవరండీ?" అన్నాను. ఆయన ఎర్రసిరా బుడ్డి నా వైపు జరిపారు. నేను రాసిన దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ అని రాశాను. ఆయన గీత పక్కన పొట్టి సంతకం పెట్టారు. పొరపాటు నాదేనని విడిగా ఒక కాగితం మీద రాయించుకుని ఫైల్లో పెట్టుకున్నారు.

అమ్మాయి తిరిగి స్కూలుకి వచ్చింది. "మార్చేశానమ్మా," అన్నాను. "సరేనండీ," అంది. పుస్తకం తెరిచి చూపించబోతే తల తిప్పుకుంది. సిగ్గుపడిందనుకుని నేనూ మూసేశాను. అక్కణ్ణించి మూడు నెలలు ఆ పిల్లతో మాట్లాడాల్సి వస్తే నల్లబల్లకేసో కిటికీకేసో చూస్తూ మాట్లాడాను. మా తెలుగు వాచకంలో పెదవులన్న మాట వచ్చిన పద్యం ఒకటి ఉంటే, అది పరీక్షలో రాదులే అని దాటేశాను. నోటి దురుసు మనిషికి నోరు మూసుకోవటం వస్తే అదొక పెద్ద సంస్కారంలా ఉంటుంది. నేను చాలా మారానని నాకు నేనే మురిసిపోయాను.

ఆ మధ్యలోనే ఒక ఆదివారం నాయనమ్మని చూడటానికి గుడివాడ వెళ్ళాను. గుమ్మంలో బొల్లి పిన్ని కనబడింది. కొత్తగా వచ్చిన బుద్ధితో, "నాయనమ్మా, పిన్ని వచ్చింది," అని కేకేశాను. నాయనమ్మకి చెముడు. "ఏ పిన్నే?" అంది లోపల్నించి. పేరు తెలియదు. ఆ మాట అనలేను. గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆవిడే నన్ను దాటుకుని లోపలికి వెళ్తూ, "నేనేనండీ అత్తయ్యగారూ, బొల్లి పిన్నిని," అని చెప్పుకుంది. పీట తనే వాల్చుకుని కూర్చుంది.

పరీక్ష సెంటరు బందరులో పడింది. మా నాన్నకి కోర్టులో గుమాస్తా పని కావటంతో మావాళ్ళు అప్పటికే బందరు వచ్చేశారు, పరాసుపేటలో ఇల్లు. అయిదుగురు పిల్లల్నీ నేనే బస్సులో తీసుకొచ్చి మా ఇంట్లో దింపాను. మా అమ్మకి ముందే అన్నీ చెప్పి ఉంచాను, ఫలానా అమ్మాయిని ఏమీ అడక్కు అని. "నాకు నువ్వు చెప్పాలటే," అంది మా అమ్మ.

మా ఇంట్లో ఎంగిలి పట్టింపు గట్టిగా ఉండేది. మంచినీళ్ళు తాగాలంటే గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి నోట్లో పోసుకోవాల్సిందే. చీలిన పెదవితో అది అయ్యే పని కాదు, నీళ్ళు ముక్కులోకి పోతాయి. ఈ సంగతి నాకు తట్టలేదు, మా అమ్మకి తట్టింది. పిల్లలు అన్నానికి కూర్చోగానే అయిదుగురి ముందూ అయిదు గ్లాసులు పెట్టింది. "ఇక్కడి నీళ్ళు ఉప్పన, ఎత్తి పోసుకుంటే పొలమారుతుంది. కరిచి తాగండమ్మా, ఎవరి గ్లాసు వాళ్ళదే," అంది. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ గ్లాసు కరిచి తాగమనటం నేను వినటం అదే మొదలు. మా అమ్మ మీద నాకు గౌరవం పెరిగింది. ఆ అమ్మాయి గ్లాసుకేసి, మా అమ్మకేసి చూసి తలదించుకుని తాగింది.

మొదటిరోజు పరీక్ష తెలుగు. గంట కొట్టాక నేను బయట చెట్టు కింద కూర్చున్నాను. కాసేపటికి బంట్రోతు వచ్చి, "దివిసీమ పిల్లల టీచరుగారు మీరేనాండీ, హాల్లో పిలుస్తున్నారు," అన్నాడు. వెళ్ళేసరికి ఆ అమ్మాయి బెంచీ పక్కన నిలబడి ఉంది. మిగతావాళ్ళంతా వంగి రాసుకుంటున్నారు. ఆ పిల్ల కాగితం మాత్రం ఇన్విజిలేటరు చేతిలో ఉంది. ఆయన పెద్దవయసు మనిషి, ఏదో ఊరి మాస్టారు. నాకు పుస్తకం చూపించి మెల్లగా అన్నారు.

"టీచరుగారూ, ఇందులో పెదవి గుర్తు రాసి కొట్టేశారు. పక్కన హెడ్మాస్టరు సంతకం కూడా ఉంది. అంటే ఈ పుస్తకంగల అమ్మాయికి పెదవి మామూలుగా ఉందనే కదా? మరి ఈ అమ్మాయెవరు?"

ఆయన తప్పు లేదు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నేను గీసిన ఎర్రగీత ఆ పిల్లని వేరే మనిషిని చేసేసింది. "ఈ అమ్మాయేనండీ," అన్నాను. "అది ఎందుకు కొట్టేశానంటే, వాళ్ళమ్మగారు కాస్త…" అని ఆగిపోయాను. చుట్టూ నలభై మంది పిల్లలు. కలాల చప్పుడు ఆగింది. మళ్ళీ తడికె పక్కన నిలబడినట్టే ఉంది. ఆయన ఇబ్బందిపడుతూ ఆ అమ్మాయి వైపు తిరిగి, "అమ్మాయ్, నీకు అది… అదీ… ఎప్పట్నించి?" అన్నారు. ముఖంకేసి చూడలేక బల్లకేసి చూశారు. మూడు నెలలుగా నేను చేస్తున్నది కూడా అదే కదా అనిపించింది.

ఆ అమ్మాయి నోటికి అడ్డం పెట్టుకున్న ఓణీ తీసింది. "పెదవాండీ? పుట్టినప్పట్నించీ ఇంతేనండీ. కడుపులో ఉండగా అతుక్కోలేదు. దెబ్బ కాదు, రోగం కాదు," అంది. అక్షరాలు ముక్కులోంచి వస్తున్నా వెనకబెంచీదాకా వినబడేటట్టు అంది. "ఎడమ చెవి వెనక మచ్చ ఉంది. చూడండి," అని చెవి మడిచి పట్టుకుంది. ఆయన వంగి చూశారు. మోచెయ్యి చూశారు. కాగితం ఇచ్చి కూర్చోమన్నారు. అప్పటికి ఇరవై నిమిషాలు పోయాయి. పోయిన టైము ఇవ్వటానికి తనకి అధికారం లేదని, రేపట్నించి ఇబ్బంది లేకుండా ఉండాలంటే టీచరుగారు గుర్తులన్నీ సరిగ్గా రాసి సంతకం చేసిన కాగితం తేవాలని, అది లేకపోతే పై ఆఫీసరు లోపలికి రానివ్వకపోవచ్చని చెప్పారు.

ఆ సాయంత్రం మా వీధరుగు మీద కూర్చుని ఆ కాగితం రాయబోయాను. పిల్లలు లోపల చదువుకుంటున్నారు. "పై పెదవిలో స్వల్పమైన లోపము" అని మొదలుపెట్టి చింపేశాను. "దైవవశాత్తు" అని ఇంకోటి రాసి అదీ చింపేశాను. తెలుగు పండితురాలిని, మాటల్లో పుట్టి మాటల్లో పెరిగాను, ఒక పిల్ల ముఖం గురించి ఒక్క వాక్యం రాయటం నాకు చేతకాలేదు. రాయకపోతే రేపు గేటు దగ్గర ఆపేస్తారు. రాస్తే వాళ్ళమ్మ ఏమంటుందో. మూడో కాగితం తీశాక, ఏడుపు వచ్చేట్టున్నప్పుడు, లోపలికి వెళ్ళి ఆ అమ్మాయిని బయటికి పిలిచాను.

"ఏమని రాయమంటావమ్మా?" అన్నాను.

"నన్నా అండీ?" అంది. ఓణీ అడ్డం పెట్టుకోవటం మర్చిపోయింది.

"నిన్నే."

నా పక్కన అరుగు మీద కూర్చుంది. కాసేపు ఆలోచించి, "పై పెదవి పుట్టుకతోనే చీలి ఉంటుంది, అని రాయండి. చెవి వెనక మచ్చ కూడా ఉంచండి. అది మా అమ్మ చెప్పిందిగా," అంది.

"అది రాయొద్దనే కదే మీ అమ్మ అంత దూరం వచ్చింది?"

"మా అమ్మ వద్దన్నది గ్రహణం గురించండీ. పెదవి గురించి కాదు." వేలితో అరుగు మీద ఏదో గీస్తూ చెప్పింది. "నేను ఆ మూడు రోజులు రానిది కూడా మీరు రాశారని కాదు. ఉన్నదే కదండీ రాశారు. మీరు అందరి ముందూ మా అమ్మేం చేసిందని అడిగారు. ఎవరైనా అదే అడుగుతారు. ఆ తర్వాత మీరు కొట్టేశానన్నారు. అప్పుడు కూడా నన్నడగలేదు. అడిగుంటే ఉంచమనేదాన్ని. అది కొట్టేస్తే నేను కాదు కదండీ ఆ పుస్తకంలో."

నేను నోరు విప్పలేదు. ఈసారి అది సంస్కారం కాదు, సిగ్గు.

"మీ అమ్మగారు నా కోసమే అందరికీ గ్లాసులు పెట్టారని తెలుసండీ," అంది మళ్ళీ. "చాలా మంచివారు. అడిగినా చెప్పేదాన్ని."

మా అమ్మ గడప దగ్గర తోటకూర బాగుచేస్తూ అంతా వింటూనే ఉంది. లేచి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుంది. "అయితే చెప్పమ్మా, నీళ్ళు తాగటానికి నీకు ఎలా వీలు?" అని అడిగింది. కుడివైపు మూల నుంచి తాగుతాను, మూతి సన్నగా ఉన్న చిన్నగ్లాసయితే కారకుండా ఉంటుంది అని ఆ అమ్మాయి చెప్పింది. మా అమ్మ వెళ్ళి కాఫీ గ్లాసులన్నీ తెచ్చి అరుగు మీద వరసగా పెట్టింది. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి ఒకటి ఏరుకుంది.

కాగితం తను చెప్పినట్టే రాశాను. ముందు తెలుగులో, దాని కింద ఇంగ్లీషులో. తను చదివి చూసుకుంది. ఆ కాగితంతో మిగతా పరీక్షలన్నీ రాసింది, ప్యాసయింది, అది తర్వాతి మాట. ఆ సాయంత్రం సిరా ఆరేదాకా ఇద్దరం అరుగు మీదే కూర్చున్నాం. నేను ఆ అమ్మాయి ముఖంకేసి చూశాను. పక్కకి చూడకుండా, ఒకే చోట చూడకుండా, మొత్తం ముఖం. కళ్ళు వాళ్ళమ్మవి.

"నొప్పి ఉంటుందా అమ్మా?" అని అడిగాను.

"లేదండీ. చలికాలం కాస్త పగులుద్ది. వెన్న రాసుకుంటాను, అంతే." ఆగి, "ఇంకేమన్నా అడగాలాండీ?" అంది.

"లేదమ్మా."

"అయితే వెళ్ళి లెక్కలు చూసుకుంటాను. రేపు లెక్కలు కదండీ," అని లేచి లోపలికి వెళ్ళింది.